వాపసు దారి

బ్రేకు తొక్కితే
ఎడమ ఇండికేటరు అరకన్ను తెరుస్తుంది.
ఎడమకు తిరుగుతానంటే
వెనకున్న ఎర్రదీపం కూడా తాళం వేస్తుంది.
మెట్టుగూడ సిగ్నల్ దగ్గర
బైకాయన ఒకడు పక్కకొచ్చి
"అమ్మా, నీ బండి ఆగుతుందా, తిరుగుతుందా,
ముందు అది తేల్చుకోమను" అన్నాడు.

అరవై తొమ్మిది నాటి ఫియట్.
పోయిన దసరాకి పిస్తా రంగు వేయించాను.
నలభై రెండు వేలు.
డోరులో చూసి బొట్టు సరిచేసుకోవచ్చు.

దీపాలదే గొడవ.
బల్బులు మార్చాను.
చాక్‌పీసు ముక్కల్లాంటి ఫ్యూజులు
ఎనిమిదీ తీసి, చివరలు గీకి, మళ్ళీ పెట్టాను.
రాణీగంజ్‌లో ఒకడు ఫ్లాషర్ అమ్మాడు,
ఇంకొకడు బ్యాటరీ అమ్మాడు.
అందరూ వచ్చే కరెంటు గురించే మాట్లాడారు.

నేనూ అంతే కదా.
మింట్ కాంపౌండ్‌లో ఫిర్యాదుల బల్ల ముందు
ఇరవై ఆరేళ్ళు.
ఫోనెత్తితే ఒకటే మాట: కరెంటు పోయింది.
లాలాగూడలో పోయింది, పార్సీగుట్టలో పోయింది,
తలంబ్రాల వేళకి పోయింది,
రేపు పరీక్షనగా పోయింది.
పోవడమంటే చీకటేనని
రిజిస్టర్ల నిండా రాసుకున్నదాన్ని.

భోలక్‌పూర్ గల్లీలో ఫసీ ఉస్తాద్
ఒక్క వైరూ విప్పలేదు.
డిక్కీ వెనక ముక్కాలిపీట వేసుకుని
"తొక్కు" అన్నాడు. తొక్కాను.
"వదులు." వదిలాను.
"మళ్ళీ."
పదకొండుసార్లు.
నాడి పట్టుకున్నవాడిలా ఊ కొట్టాడు.
తర్వాత నర్సింగ్‌ని కేకేసి
బ్యాటరీ నెగటివ్ నుంచి పొడుగాటి నల్లవైరు ఒకటి
బండి నెత్తి మీదుగా లాగించి
కొసని దీపం హోల్డరుకి ఆనించాడు.

దానిమ్మ గింజ.
అంత ఎరుపు ఆ దీపంలో ఉందని నాకు తెలీదు.
పక్కన ఇండికేటరు, ఏమీ ఎరగనట్టు,
కన్ను మూసుకుంది.

"కరెంటు వచ్చుడు మంచిగనే ఉంది మేడం,
పోవుడే కుదురుతలేదు."

ఈ బళ్ళల్లో సగం వైరింగ్ వైరే కాదట.
తీసుకొచ్చేది ఒక తీగ,
తిరిగి తీసుకెళ్ళేది ఒళ్ళంతా.
డోరు, రూఫు, మడ్‌గార్డు,
నేను కూర్చున్న సీటు కింది రేకు.
ప్రతి దీపం ఎక్కడో ఒకచోట
బట్టలేని ఇనుముని తాకి ఉండాలి.
రంగు వేసినవాడు మహా శ్రద్ధగా
స్క్రూ బెజ్జంలో కూడా వేశాడు.
ఇంటిదారి మూసుకుపోయిన కరెంటు
పక్కవాళ్ళ తలుపు తట్టి
వాళ్ళ వంటింట్లోంచి నడిచిపోతోంది రోజూ.
నేను ఇన్నాళ్ళూ చూసిన ఆ అరకన్ను
దాని మొహమాటం.

ఎనభై నంబరు గరుకు కాగితం.
రూపాయి బిళ్ళంత మేర గీకుతుంటే
నా పళ్ళు జివ్వుమన్నాయి.
పిస్తా పోయింది. కింద క్రీము.
క్రీము కింద ముదురు నీలం, ఎవరి పెళ్ళికి కొన్నారో.
నీలం కింద జేగురు రంగు ప్రైమరు.
అప్పుడు రేకు,
నాకంటే నాలుగేళ్ళు పెద్దది,
ఇప్పుడే మొహం కడుక్కున్నట్టు.

పళ్ళ వాషరు, చిటికెడు గ్రీజు, స్క్రూ.
నూట ఇరవై రూపాయలు.
"రంగు పోయిందని ఫికర్ చెయ్యకు,
దీపం దాని మీదనే కూసుంటది."

చీకటి పడ్డాక వారాసిగూడలో
మూసిన కిరాణా షట్టరు ముందు
పని లేకపోయినా రివర్సు చేశాను.
బ్రేకు తొక్కాను.
అద్దంలో షట్టరు మడతలన్నీ ఎర్రబడ్డాయి.
వదిలాను. పోయింది.
తొక్కాను. వచ్చింది.
వదిలాను.
ఎంత చక్కగా పోయిందో.

కుడి హెడ్‌లైటు మాత్రం ఇంకా
వీధి చివరి వేపకొమ్మల్లోకే చూస్తోంది.
అది వేరే జబ్బట.
శుక్రవారం తప్ప ఏ రోజైనా రమ్మన్నాడు.